మొక్కల సారంతో తుప్పును ఆపడం: నమ్మదగ్గ ఫలితం వచ్చేలా ప్రయోగం ఎలా చేయాలి

ఇనుప షీట్ల మీద పేరుకున్న ఆక్సైడ్ పొలుసును వదిలించడానికి వాటిని యాసిడ్‌లో ముంచుతారు. దీన్నే పికిలింగ్ అంటారు. బాయిలర్ గొట్టాల్లో గట్టిపడిన పొరను కరిగించడానికీ యాసిడే వాడతారు. పొలుసు కరిగిపోయాక యాసిడ్ అక్కడితో ఆగదు, కింద ఉన్న మంచి లోహాన్నీ తినేస్తుంది. అలా జరక్కుండా యాసిడ్‌లో కొద్ది మోతాదులో కలిపే పదార్థమే ఇన్‌హిబిటర్, అంటే తుప్పు నిరోధకం.

ఇప్పటిదాకా వాడుకలో ఉన్న ఇన్‌హిబిటర్లలో చాలావాటితో ప్రమాదం ఉంది. యాసిడ్ పనుల్లో కలిపే ప్రొపార్గిల్ ఆల్కహాల్ విషం. కూలింగ్ వాటర్‌లో ఎన్నో ఏళ్లు వాడిన క్రోమేట్లలోని ఆరు వేలెన్సీ క్రోమియం మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని తేలింది. యూరోపియన్ యూనియన్‌లో 2017 సెప్టెంబర్ 21 తర్వాత ప్రత్యేక అనుమతి లేకుండా క్రోమియం ట్రయాక్సైడ్ వాడటానికి వీల్లేదు. ఆకులు, తొక్కలు, గింజల నుంచి తీసిన సారాల మీద ఇంత పరిశోధన జరగడానికి ఒక కారణం ఇదే. ఆలోచన మాత్రం పాతదే: 19వ శతాబ్దంలోనే యాసిడ్‌లో తవుడు, జెలటిన్, మొలాసిస్ కలిపి చూశారు.

ఈ పని మొదలుపెట్టిన చాలామంది తుప్పును 90 శాతం తగ్గించామనే అంకె కోసం పరుగులు తీస్తారు. పలుచటి యాసిడ్‌లో ఆ అంకె రావడం అంత కష్టమేమీ కాదు. దాన్ని నమ్మొచ్చా లేదా అన్నదే అసలు ప్రశ్న. అది తేల్చేవి మూడు: సారంలో నిజంగా ఎంత పదార్థం ఉందో తెలియడం, కూపన్ (పరీక్షకు వాడే లోహపు ముక్క) తయారీలో నిలకడ, సారం కలపని బ్లాంక్‌ను సరిగ్గా పెట్టడం. ఈ గైడ్‌లో ఎక్కువ సేపు వీటి దగ్గరే ఆగుతాను.

ముందు ప్రశ్నను తేల్చుకోండి

ఏ లోహం, ఏ ద్రావణం, ఏ ఉష్ణోగ్రత అన్నది కాగితం మీద రాసుకున్నాకే మొక్క జోలికి వెళ్లండి. యాసిడ్‌లో బాగా పనిచేసిన సారం ఉప్పునీటిలో ఏమాత్రం పనిచేయకపోవచ్చు. సారంలో ఉండే క్లోరైడ్లు, సేంద్రియ ఆమ్లాల వల్ల మామూలు నీటిలో తుప్పు పెరిగినా ఆశ్చర్యం లేదు. స్టీల్ మీద వచ్చిన ఫలితాన్ని అల్యూమినియానికి అంటగట్టకూడదు. మొదటిసారి చేస్తున్నవాళ్లకు నా సలహా: మైల్డ్ స్టీల్, 1 మోలార్ (లీటరుకు 1 మోల్) హైడ్రోక్లోరిక్ యాసిడ్, 30 డిగ్రీల సెల్సియస్. ఈ పరిస్థితుల్లో వెలువడిన పరిశోధన చాలా ఉంది కాబట్టి మీ ఫలితాన్ని పోల్చి చూసుకోవడం తేలిక.

సారం ఎందుకు పనిచేస్తుందో కూడా ఇక్కడే తెలుసుకుంటే తర్వాతి మెట్లు అర్థమవుతాయి. యాసిడ్‌లో ఇనుము అయాన్లుగా కరుగుతుంది, ఆ క్రమంలో వదిలిన ఎలక్ట్రాన్లను హైడ్రోజన్ అయాన్లు అందుకుని వాయువుగా బయటికి వస్తాయి. మొక్కల్లో ఉండే టానిన్లు, ఆల్కలాయిడ్లు, ఫ్లేవనాయిడ్ల అణువుల్లో నైట్రోజన్, ఆక్సిజన్ పరమాణువులు, బెంజీన్ వలయాలు ఉంటాయి. వీటిలో చాలా అణువులు యాసిడ్‌లో ప్రోటాన్ తీసుకుని ధనావేశం పొందుతాయి. స్టీల్ ఉపరితలం మీద అప్పటికే క్లోరైడ్ అయాన్లు చేరి ఉంటాయి కాబట్టి ఈ అణువులు వాటిని పట్టుకుని లోహానికి అంటుకుంటాయి. కొన్ని నేరుగా ఇనుముతోనే బంధం పెట్టుకుంటాయి. లోహం మీద ఎంత భాగం ఇలా కప్పబడితే యాసిడ్‌కు అంత తక్కువ చోటు దొరుకుతుంది.

మొక్కను ఎంచుకోవడం

రాలిపోయే ఆకులు, పారేసే తొక్కలు, పిండిన తర్వాత మిగిలే పిప్పి మంచి ఎంపికలు. మొక్కను పెకిలిస్తే తప్ప దొరకని వేళ్లు, అరుదైన ఔషధ మొక్కలు వద్దు. ఒక ఇన్‌హిబిటర్ కోసం మొక్కనే లేకుండా చేస్తే అందులో పర్యావరణహితం ఏముంది?

ఉదాహరణకు గోరింటాకు తీసుకుందాం. దీని మీద మంచి పరిశోధన ఉంది. 2009లో కొరోజన్ సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం 1 మోలార్ హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో లీటరుకు 1.2 గ్రాముల గోరింటాకు సారం మైల్డ్ స్టీల్‌ను దాదాపు 92 శాతం కాపాడిందని చూపింది. అదే అధ్యయనంలో ఆకులోని ముఖ్య పదార్థాలను విడివిడిగా కూడా పరీక్షించారు. అన్నిటికన్నా బాగా పనిచేసింది పెట్టుకున్న చేతికి ఎర్రరంగునిచ్చే లాసోన్. దాని తర్వాత స్థానం మొత్తం సారానిది, ఆ తర్వాత గాలిక్ యాసిడ్, గ్లూకోజ్. అట్టడుగున నిలిచింది టానిక్ యాసిడ్. కాబట్టి "మా ఆకులో టానిన్లు ఉన్నాయి, అందుకే తుప్పు ఆగింది" అని విడిగా పరీక్షించకుండా రాసేయకండి.

ఏ మొక్క తీసుకున్నా శాస్త్రీయనామం, వాడిన భాగం, కోసిన నెల, ఆకు లేతదా ముదురుదా అన్నవి నోట్‌బుక్‌లో రాయండి. కాలాన్ని బట్టి ఆకులోని రసాయనాలు మారతాయి. ఈ వివరాలు లేకపోతే మీ ప్రయోగాన్ని ఇంకొకరు మళ్లీ చేయలేరు.

సారం తీయడం

ఆకులను కడిగి, నీడలో ఆరబెట్టండి. తర్వాత 50 డిగ్రీల ఓవెన్‌లో బరువు ఇక తగ్గని దాకా ఉంచి, పొడి చేసి జల్లించండి. 10 గ్రాముల పొడిని 200 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో వేసి, మూతపెట్టి, 70 నుంచి 80 డిగ్రీల దగ్గర 2 గంటలు ఉంచండి. కుళాయి నీళ్లు వాడొద్దు, అందులోని క్లోరైడ్లు, కాల్షియం సారంలోకి వచ్చేస్తాయి. చల్లారాక ముందు గుడ్డలో, తర్వాత ఫిల్టర్ పేపర్‌లో వడకట్టండి.

మిథనాల్‌తో సారం ఎక్కువ దిగుతుందని కొందరు అటు వెళ్తారు. మిథనాల్ విషం. పర్యావరణానికి మేలు చేసే ఇన్‌హిబిటర్ కావాలనుకుంటే నీళ్లతో మొదలుపెట్టండి, చాలకపోతే ఇథనాల్, నీళ్లు కలిపి చూడండి. అలా చేస్తే ఆల్కహాల్ మొత్తం ఆవిరయ్యేదాకా ఆగాలి.

వడకట్టిన ద్రవాన్ని వెడల్పాటి గిన్నెలో పోసి, వాటర్ బాత్ మీద 60 డిగ్రీలు దాటకుండా ఇగరబెట్టండి. చివరికి గిన్నె అడుగున ముదురు గోధుమ రంగు పొర మిగులుతుంది. వేడిగా ఉన్నప్పుడు జిగటగా సాగుతుంది, చల్లారాక గీకితే మెరిసే పెళుసు ముక్కలుగా లేస్తుంది. ఆ ముక్కలను బయట వదిలేస్తే గాలిలోని తేమ పీల్చుకుని కొద్దిసేపట్లోనే మళ్లీ బంక అవుతాయి, అందులో చక్కెరలు ఉంటాయి కదా. అందుకే వెంటనే డెసికేటర్‌లో (లోపల తేమ లేకుండా ఉంచే మూత పాత్రలో) పెట్టాలి, తూకం త్వరగా ముగించాలి. ద్రవంగానే ఉంచుకుంటే ఫ్రిజ్‌లో పెట్టి కొద్ది రోజుల్లో వాడేయండి. బూజు పట్టిన సారంతో ప్రయోగం చేయకండి.

సారంలో ఎంత ఉందో తూచండి

చాలా ప్రాజెక్టు రిపోర్టుల్లో "10 శాతం సారం వాడాం" అని ఉంటుంది. అది 10 గ్రాముల ఆకుపొడి లెక్కా, అందులోంచి దిగిన పదార్థం లెక్కా? రెండిటికీ చాలా తేడా ఉంది.

చేయాల్సింది ఇంతే. ఇగరబెట్టక ముందు, వడకట్టిన ద్రవం నుంచి పిపెట్‌తో సరిగ్గా 10 మి.లీ. తీసి, ముందే తూచిన చిన్న గిన్నెలో పోయండి. నీళ్లన్నీ పోయాక 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు నిలకడగా వచ్చేదాకా ఆరబెట్టి తూచండి. గిన్నె బరువు 0.140 గ్రాములు పెరిగిందనుకుందాం. అంటే మీ సారంలో లీటరుకు 14 గ్రాముల ఘనపదార్థం ఉన్నట్టు. మొత్తం 180 మి.లీ. ద్రవం వచ్చి ఉంటే 2.52 గ్రాములు, అంటే ఆకుపొడిలో 25 శాతం నీళ్లలోకి దిగింది. ఇకపై మీ మోతాదులన్నీ ఈ ఘనపదార్థం లెక్కలోనే చెప్పండి. 105 డిగ్రీల వేడి తగిలిన నమూనాను మాత్రం ఇన్‌హిబిటర్‌గా వాడొద్దు, అది తూకానికి మాత్రమే.

పనిలో పనిగా మూడు చిన్న పరీక్షలు చేసుకోండి. కొద్ది సారంలో ఒక చుక్క ఫెర్రిక్ క్లోరైడ్ వేస్తే నల్లటి నీలం గానీ ముదురు ఆకుపచ్చ గానీ వస్తే టానిన్లు, ఫీనాలిక్ పదార్థాలు ఉన్నట్టు. పరీక్షనాళికలో గట్టిగా ఊపితే వచ్చిన నురుగు 10 నిమిషాలైనా తగ్గకపోతే సపోనిన్లు, అంటే సబ్బులా నురగలు తెచ్చే పదార్థాలు ఉన్నాయి. ఇది తెలియడం ముఖ్యం, ఎందుకంటే పికిలింగ్ తొట్టిలో నురుగు ఇబ్బంది పెడుతుంది. మేయర్ రియేజెంట్‌తో మీగడ రంగు అవక్షేపం వస్తే ఆల్కలాయిడ్లు ఉండొచ్చు.

కూపన్లు సిద్ధం చేయడం

తుప్పు పరీక్షకు వాడే చిన్న లోహపు ముక్కను కూపన్ అంటారు. అన్ని కూపన్లూ ఒకే షీటు నుంచి కోయించండి. 2.5 సెం.మీ. పొడవు, 2 సెం.మీ. వెడల్పు, 0.1 సెం.మీ. మందం ఉన్న ముక్కకు అంచులతో కలిపి వైశాల్యం 10.9 చదరపు సెంటీమీటర్లు. వేలాడదీయడానికి రంధ్రం వేస్తే వైశాల్యం మారుతుంది: రెండు వైపులా వృత్తాలు పోతాయి, లోపలి గోడ కొత్తగా చేరుతుంది. 1 మి.మీ. మందానికి 2 మి.మీ. వ్యాసం ఉన్న రంధ్రం వేస్తే పోయిందీ చేరిందీ సరిగ్గా సమానమవుతాయి, లెక్క మార్చే పని ఉండదు. నేను ఈ కొలతలనే సూచిస్తాను.

ఎమరీ పేపర్‌తో 220 నంబరు గరుకు నుంచి మొదలుపెట్టి 400, 600, 800, 1200 వరకు వరుసగా రుద్దండి. పేపర్ మార్చినప్పుడల్లా కూపన్‌ను 90 డిగ్రీలు తిప్పి రుద్దితే పాత గీతలు పోయాయో లేదో కనిపిస్తుంది. అంచులను వదిలేయకండి. కోసినప్పుడు ఒత్తిడికి గురైన అంచు మిగతా భాగం కన్నా వేగంగా కరుగుతుంది. డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, అసిటోన్‌లో ముంచి తీసి, గాలికి ఆరనిచ్చి, డెసికేటర్‌లో పెట్టండి. ఇక్కడి నుంచి చేత్తో ముట్టుకోవద్దు, పట్టకారు వాడండి. వేలిముద్రలోని జిడ్డు ఉన్న చోట యాసిడ్ వేరుగా పనిచేస్తుంది. 0.1 మిల్లీగ్రాము వరకు చూపే త్రాసు మీద తూచి, కూపన్ నంబరుతో సహా రాసుకోండి.

యాసిడ్, సారం కలపడం

37 శాతం గాఢత ఉన్న హైడ్రోక్లోరిక్ యాసిడ్ దాదాపు 12 మోలార్ ఉంటుంది. 83 మి.లీ. తీసుకుని లీటరుకు చేరిస్తే 1 మోలార్ వస్తుంది. ఫ్లాస్క్‌లో ముందు సగం పైగా నీళ్లు పోసి, అందులోకి యాసిడ్‌ను మెల్లగా వంచండి. యాసిడ్‌లోకి నీళ్లు ఎప్పుడూ పోయొద్దు. ఫ్యూమ్ హుడ్, కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. తయారైన యాసిడ్ నిజంగా 1 మోలార్ ఉందో లేదో సోడియం కార్బనేట్‌తో టైట్రేషన్ చేసి చూసుకోండి.

ఇప్పుడు అసలు మెలిక. నీళ్లలో ఉన్న సారాన్ని యాసిడ్‌లో పోస్తే యాసిడ్ పలచబడుతుంది. 225 మి.లీ. యాసిడ్‌లో 25 మి.లీ. సారం కలిపితే గాఢత 0.9 మోలార్‌కు పడిపోతుంది. అప్పుడు తగ్గిన తుప్పులో సారం వాటా ఎంత, నీళ్ల వాటా ఎంత? దీనికి సరైన దారి ఆరబెట్టిన సారాన్ని తూచి నేరుగా 1 మోలార్ యాసిడ్‌లోనే కరిగించడం. లీటరుకు 1.2 గ్రాములు కావాలంటే 250 మి.లీ.కి 0.3 గ్రాములు. పూర్తిగా కరగకపోతే వడకట్టి, అడుగున మిగిలినదాన్ని ఆరబెట్టి తూచి మోతాదులోంచి తీసేయండి. ద్రవ సారాన్నే వాడక తప్పకపోతే బ్లాంక్‌లోనూ అంతే పరిమాణం నీళ్లు కలపాలి. ఇథనాల్ మిగిలి ఉంటే బ్లాంక్‌లోనూ అంతే ఇథనాల్ ఉండాలి. బ్లాంక్‌కూ ప్రయోగానికీ మధ్య సారం ఒక్కటే తేడా కావాలి.

లీటరుకు 0.1, 0.2, 0.4, 0.8, 1.2 గ్రాముల చొప్పున ద్రావణాలు సిద్ధం చేయండి.

ముంచడం, తీయడం, తూచడం

ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం రాసిన జీ31 పద్ధతి ప్రకారం ప్రతి చదరపు సెంటీమీటరుకు కనీసం 20 మి.లీ. ద్రావణం ఉండాలి. మన కూపన్‌కు 218 మి.లీ. కాబట్టి 250 మి.లీ. పోస్తే చాలు. 50 మి.లీ. బీకర్‌లో కూపన్ వేస్తే యాసిడే అయిపోతూ ఉంటుంది, తుప్పు తగ్గినట్టు కనిపిస్తుంది, ఆ ఘనత సారానికి పోతుంది. ఒక్కో మోతాదుకు మూడు కూపన్లు, బ్లాంక్‌కూ మూడు, ఒక్కో బీకర్‌కు ఒక్కటే కూపన్. గాజు కొక్కేనికి వేలాడదీసి పూర్తిగా మునిగేలా చూడండి. బీకర్లన్నీ 30 డిగ్రీల వాటర్ బాత్‌లో ఉంచి, ద్రావణం ఆ వేడికి వచ్చాకే కూపన్లు దించండి. వెలువడే హైడ్రోజన్ మండే వాయువు, దగ్గర్లో మంట ఉండకూడదు.

కొద్ది నిమిషాల్లోనే తేడా కంటికి తెలుస్తుంది. బ్లాంక్‌లో కూపన్ నిండా సన్నటి బుడగలు ఆగకుండా లేస్తాయి. సారం బాగా పనిచేస్తున్న బీకర్‌లో అక్కడక్కడ ఒక్కో బుడగ పుట్టి, కాసేపు అంటుకుని ఉండి తర్వాత విడిపోతుంది.

6 గంటల తర్వాత తీసి, వెంటనే డిస్టిల్డ్ వాటర్‌లో కడగండి. మెత్తటి నైలాన్ బ్రష్‌తో వదులుగా ఉన్న పొరను తీసి, అసిటోన్‌లో ముంచి, ఆరబెట్టి, తూచండి. బ్లాంక్ కూపన్ మీద బూడిద నలుపు పొడి ఉంటుంది, అది స్టీల్‌లోని కార్బైడ్ మిగులు. బ్రష్ చేస్తే వస్తుంది. కాపాడబడిన కూపన్‌ను వెలుతురులో వాల్చి చూస్తే మీరు 1200 పేపర్‌తో గీసిన గీతలు ఇంకా కనబడతాయి. బ్రష్ చేయడం వల్ల కూడా కొంత లోహం పోతుంది కాబట్టి యాసిడ్‌లో ముంచని ఒక కూపన్‌ను ఇదే పద్ధతిలో శుభ్రం చేసి, దాని బరువు నష్టాన్ని అన్నిటిలోంచి తీసేయండి.

మూడు బ్లాంక్‌ల మధ్య 10 శాతం కన్నా ఎక్కువ తేడా వస్తే ముందుకు వెళ్లకండి. పాలిషింగ్ దగ్గరో ఉష్ణోగ్రత దగ్గరో లోపం ఉంది. దాన్ని సరిచేశాకే సారం సంగతి.

లెక్క

నిరోధక సామర్థ్యం = (బ్లాంక్ నష్టం − సారం ఉన్నప్పటి నష్టం) ÷ బ్లాంక్ నష్టం × 100

తుప్పు వేగం, ఏడాదికి మిల్లీమీటర్లలో = 87,600 × బరువు నష్టం ÷ (వైశాల్యం × గంటలు × సాంద్రత)

బరువు గ్రాముల్లో, వైశాల్యం చదరపు సెంటీమీటర్లలో ఉండాలి. మైల్డ్ స్టీల్ సాంద్రత ఘనపు సెంటీమీటరుకు 7.86 గ్రాములు. బ్లాంక్ నష్టం 0.0654 గ్రాములు, సారంతో 0.0098 గ్రాములు వచ్చిందనుకోండి. సామర్థ్యం 85 శాతం. తుప్పు వేగం 11.1 మి.మీ. నుంచి 1.67 మి.మీ.కి తగ్గింది. రెండూ రాయండి. శాతం ఒక్కటే చెబితే, ఇంకా ఏడాదికి 1.67 మి.మీ. లోహం పోతోందన్న సంగతి మరుగున పడుతుంది. కొన్ని నిమిషాల పికిలింగ్‌కు అది చాలు, రోజుల తరబడి యాసిడ్ నిలవుండే చోటకు చాలదు.

తర్వాత 40, 50, 60 డిగ్రీల దగ్గర, 24 గంటల పాటు కూడా చేసి చూడండి. ప్రతి ఉష్ణోగ్రతకూ కొత్త బ్లాంక్ కావాలి. వేడి పెరిగేకొద్దీ సామర్థ్యం పడిపోతే అణువులు లోహానికి బలహీనంగా అంటుకున్నాయని సాధారణంగా అర్థం చేసుకుంటారు. పికిలింగ్ వేడి యాసిడ్‌లో చేసేచోట ఇది చాలా ముఖ్యం.

అణువులు లోహానికి ఎంత గట్టిగా అంటుకున్నాయో చెప్పడానికి లాంగ్మ్యూర్ గ్రాఫ్ గీసి స్వేచ్ఛాశక్తి లెక్కగట్టడం ఆనవాయితీ అయిపోయింది. ఆ సూత్రంలోని 55.5 అన్నది లీటరుకు నీటి మోల్స్. మీ సారం మోతాదు గ్రాముల్లో ఉన్నప్పుడు అక్కడ 55.5 వేస్తే లెక్క తప్పు, లీటరుకు 1000 గ్రాములు అని వేయాలి. సారం అంటే పదుల కొద్దీ పదార్థాల మిశ్రమం. దానికి ఒక అణుభారం లేదు కాబట్టి ఈ విలువ మీద పెద్ద పెద్ద నిర్ధారణలు కట్టకండి.

పొటెన్షియోస్టాట్ (విద్యుత్ పద్ధతిలో తుప్పును కొలిచే పరికరం) అందుబాటులో ఉంటే పోలరైజేషన్, ఇంపెడెన్స్ అనే కొలతలు చేసి వెయిట్ లాస్‌తో, అంటే పైన చేసిన బరువు నష్టం ఫలితంతో పోల్చండి. తుప్పు పొటెన్షియల్ (ద్రావణంలో కూపన్ చూపే వోల్టేజి) బ్లాంక్ కన్నా 85 మిల్లీవోల్టుల లోపే జరిగితే సారం ఆనోడ్ చర్య (లోహం కరగడం), కాథోడ్ చర్య (హైడ్రోజన్ వెలువడటం) రెండిటినీ ఆపుతోందని చెబుతారు. ఆ పరికరం లేదని టెన్షన్ పడక్కర్లేదు. జాగ్రత్తగా చేసిన వెయిట్ లాస్, అజాగ్రత్తగా గీసిన టాఫెల్ గ్రాఫ్ (పోలరైజేషన్ కొలతల గ్రాఫ్) కన్నా ఎంతో నయం.

పర్యావరణహితం అని రాసే ముందు

మొక్క నుంచి వచ్చింది కాబట్టి మంచిదే అనుకోవడానికి లేదు. నికోటిన్ కూడా మొక్కదే. సారం కలిసిన వ్యర్థజలంలో సేంద్రియ పదార్థం పెరుగుతుంది, అది కుళ్లేటప్పుడు నీటిలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది. కాబట్టి వాడిన ద్రావణాన్ని తటస్థం చేశాక దాని సీఓడీ, బీఓడీ (అందులోని సేంద్రియ పదార్థం ఎంత ఆక్సిజన్ లాగుతుందో చెప్పే కొలతలు) కొలిపించండి. సారం తీయడానికి ఎంత వేడి, ఎంత ద్రావణి ఖర్చయిందో కూడా రాయండి. ఆకును మరో కోతలో తెచ్చి, మళ్లీ సారం తీసి, అదే మోతాదులో ఫలితం ఎంత మారుతుందో చూడండి. ల్యాబ్‌లో నెగ్గిన సారాలు ఫ్యాక్టరీ దాకా వెళ్లలేకపోవడానికి ఈ తేడా ఒక కారణం. బలమైన స్టీల్ మీద వాడాలనుకుంటే లోహం లోపలికి హైడ్రోజన్ చేరి పెళుసుబారుతోందేమో వేరుగా పరీక్షించాలి. బరువు నష్టం తగ్గినంత మాత్రాన ఆ ప్రమాదం తప్పినట్టు కాదు.

మిగిలిన యాసిడ్‌ను ఏం చేయాలి

అన్ని బీకర్ల ద్రావణాన్ని పెద్ద ప్లాస్టిక్ తొట్టిలో చేర్చి, నీళ్లతో పలచన చేసి, సోడియం కార్బనేట్‌ను కొద్దికొద్దిగా కలపండి. ఒక్కసారిగా వేస్తే పొంగి పైకి వస్తుంది. పీహెచ్ 7, 8 మధ్యకు వచ్చేసరికి ఇనుము ఆకుపచ్చటి మడ్డిగా విడిపోయి, గాలి తగిలాక గోధుమ రంగుకు మారుతుంది. దాన్ని వడకట్టి ల్యాబ్ ఘనవ్యర్థాల డబ్బాలో వేయండి. పైన తేరిన నీటిని మీ ల్యాబ్ నిబంధనల ప్రకారం పారబోయండి. కడగడానికి వాడిన అసిటోన్‌ను ఇందులో కలపొద్దు, దానికి వేరే సీసా పెట్టండి.